దినపత్రిక ఖర్చు ఎవరు భరిస్తున్నారు? తెలుగు పత్రికల చరిత్రలో ఒక జమాఖర్చుల లెక్క

మన దేశంలో పత్రికల నమోదు వ్యవహారాన్ని 1867 నుంచి నడిపించిన చట్టం రద్దయి, 2024 మార్చి 1 నుంచి దాని స్థానంలో కొత్త చట్టం అమల్లోకి వచ్చింది. అప్పటి నుంచి విజయవాడలో పత్రికల ఏజెంట్లు, చిన్న పత్రికల యజమానులు, చదువరులు రకరకాల సందేహాలు వెలిబుచ్చుతున్నారు. నమోదు అంటే ప్రభుత్వ అనుమతి తీసుకోవడమేనా? రెండు పత్రికలు ఒకేసారి ‘మేమే మొదటి స్థానంలో ఉన్నాం’ అని ఎలా చెప్పుకోగలుగుతున్నాయి? కాగితం ధరలు ఇంతగా పెరిగినా పత్రిక ఇంకా టీ ఖర్చుకు ఎలా దొరుకుతోంది?

ఈ మూడూ వేర్వేరు ప్రశ్నల్లా కనిపించినా వాటి మూలం ఒకటే. పత్రికల చరిత్రను మనం సాధారణంగా సంపాదకుల పేర్లతోనూ ఉద్యమాలతోనూ చెప్పుకుంటాం. అది న్యాయమే. అయితే ప్రతి దశలోనూ పత్రిక ఖర్చును చదువరితో పాటు మరెవరో పంచుకున్నారు. ఒక దశలో అది దాత, ఒక దశలో పార్టీ, మరొక దశలో ప్రకటనదారు. ఆ రెండో చెల్లింపుదారు మారినప్పుడల్లా పత్రిక ఎక్కడ అచ్చు కావాలి, ఎవరి గురించి రాయాలి, ఎన్ని పేజీలు ఉండాలి అన్నవన్నీ మారాయి. ఈ వ్యాసం ఆ లెక్కను అనుసరిస్తుంది.

నమోదు, సర్క్యులేషన్, రీడర్‌షిప్: మూడూ మూడు వేర్వేరు విషయాలు

నమోదు అంటే ఫలానా పేరుతో, ఫలానా భాషలో, ఫలానా ఊరి నుంచి, ఫలానా వ్యక్తి బాధ్యతతో పత్రిక వెలువడుతోందని అధికారికంగా రాసి ఉంచడం. పత్రిక చివరి పేజీలోనో లోపలి పేజీలోనో అడుగున చిన్న అక్షరాల్లో ముద్రాపకుడు, ప్రచురణకర్త, సంపాదకుడు, అచ్చయిన చోటు కనిపిస్తాయి. చాలామంది చూపు ఆనని ఆ వరుస పత్రికలో చట్టం కోసం అచ్చయ్యే భాగం. పరువు నష్టం దావా వేయాలన్నా, కేసు పెట్టాలన్నా అక్కడి పేర్లే ఆధారం.

సర్క్యులేషన్ అంటే రోజుకు సగటున అమ్ముడైన ప్రతుల సంఖ్య. అచ్చు వేసిన ప్రతుల సంఖ్య ఇంతకంటే ఎక్కువగా ఉంటుంది. అమ్ముడు పోక వెనక్కి వచ్చినవి, ఉచితంగా పంచినవి తీసివేయాలి. ప్రకటనదారులు, ప్రకటన సంస్థలు, పత్రికలు కలిసి 1948లో ఏర్పాటు చేసుకున్న ఆడిట్ బ్యూరో ఆఫ్ సర్క్యులేషన్స్ ఆరు నెలలకు ఒకసారి తన సభ్య పత్రికల లెక్కలను తనిఖీ చేసి ధ్రువీకరిస్తుంది.

రీడర్‌షిప్ అంటే చదివేవారి సంఖ్య. ఒక ప్రతిని ఇంట్లో నలుగురు చదవవచ్చు. గ్రంథాలయంలోనో క్షౌరశాలలోనో అదే ప్రతి నలభై మంది చేతుల్లో నలగవచ్చు. దీన్ని లెక్కపెట్టడం కుదరదు కాబట్టి సర్వే ద్వారా అంచనా కడతారు. ఇండియన్ రీడర్‌షిప్ సర్వే అలాంటిదే. 2019 నాటి సర్వే తరవాత ఏళ్ల తరబడి కొత్త ఫలితాలు రాలేదు.

ఒక చిన్న ఉదాహరణ చూద్దాం. ‘అ’ పత్రిక లక్ష ప్రతులు అమ్ముతుంది. ప్రతిని సగటున ముగ్గురు చదువుతారు. ‘ఆ’ పత్రిక 80,000 ప్రతులే అమ్ముతుంది. కానీ ఎక్కువగా హోటళ్లకు, దుకాణాలకు వెళ్లడం వల్ల ప్రతిని ఐదుగురు చదువుతారు. సర్క్యులేషన్‌లో ‘అ’ ముందుంది. రీడర్‌షిప్‌లో 4 లక్షలతో ‘ఆ’ ముందుంది. ఎవరికి అనుకూలమైన లెక్కను వారు మొదటి పేజీలో వేసుకుంటే ఇద్దరూ అబద్ధమాడనట్టే. ఇది ప్రతిష్ఠకు మాత్రమే సంబంధించిన తగవు కాదు. ప్రభుత్వ ప్రకటనల ధర నిర్ణయంలో సర్క్యులేషన్ ప్రధానమైన కొలమానం కాబట్టి ఆ అంకె వెనక నేరుగా డబ్బు ఉంది.

పన్నెండు పేజీల ప్రతికి యాభై రెండు గ్రాముల కాగితం

పెద్ద సైజు దినపత్రికలో ఒక పేజీ కొలత సుమారుగా 35 సెంటీమీటర్ల వెడల్పు, 55 సెంటీమీటర్ల పొడవు అనుకుందాం. పత్రికలు అచ్చు వేసే కాగితం, అంటే న్యూస్‌ప్రింట్, చదరపు మీటరుకు సాధారణంగా 45 గ్రాములు తూగుతుంది. ఆ లెక్కన రెండు వైపులా అచ్చయిన ఒక ఆకు బరువు 8.66 గ్రాములు. పన్నెండు పేజీలంటే ఆరు ఆకులు, అంటే 52 గ్రాములు. కిలో కాగితానికి 19 ప్రతులు వస్తాయి. లక్ష ప్రతులకు రోజుకు 5.2 టన్నులు కావాలి.

ఇప్పుడు ధరలు చేరుద్దాం. ఈ లెక్కలోని ధరలన్నీ ఉదాహరణ కోసం అనుకున్నవే గానీ ఏ పత్రిక ఖాతా నుంచీ తీసినవి కావు. న్యూస్‌ప్రింట్ కిలో 55 రూపాయలు అనుకుంటే ప్రతికి కాగితం ఖర్చు 2.86 రూపాయలు. సిరా, ప్లేట్లు, కరెంటు కలిపి 74 పైసలు. పార్శిల్ బండ్ల ఖర్చు 60 పైసలు. విలేకరులు, వార్తలు దిద్దే డెస్కు, కార్యాలయాల ఖర్చును లక్ష ప్రతులకు పంచితే 4 రూపాయలు. మొత్తం 8.20. పత్రిక ధర 7 రూపాయలు. అందులో ఏజెంటు కమిషన్, వెనక్కి వచ్చిన ప్రతులు కలిపి 2.20 పోతే యాజమాన్యం చేతికి వచ్చేది 4.80. ప్రతికి 3.40 లోటు. లక్ష ప్రతుల మీద రోజుకు 3.40 లక్షల రూపాయలు మరెవరో పూడ్చాలి.

ఇందులో మరొక మెలిక ఉంది. విలేకరుల జీతాలు ప్రతుల సంఖ్యతో పెరగవు. కాబట్టి అదనంగా ఒక ప్రతి వేయడానికి అయ్యే ఖర్చు కాగితం, సిరా, రవాణా కలిపి 4.20 మాత్రమే, వచ్చేది 4.80. అరవై పైసలు మిగులుతుంది. అదే పత్రిక పదహారు పేజీలకు పెరిగితే కాగితం ఒక్కటే 3.81 రూపాయలై, అదనపు ప్రతి ఖర్చు 5.15కు చేరుతుంది. అప్పుడు అదనంగా అమ్మిన ఒక్కో ప్రతిపైనా 35 పైసల నష్టం. ఎంత బాగా అమ్ముడైతే అంత నష్టపోయే సరుకు అంగట్లో ఇంకొకటి చూపించడం కష్టం. ప్రకటనలు తగ్గిన సంవత్సరాల్లో పేజీలు తగ్గించడం, ప్రకటనదారుకు ఆసక్తి లేని మారుమూల ఊళ్లకు పార్శిళ్లు కోసివేయడం ఎందుకు జరుగుతాయో ఈ లెక్కలోనే కనిపిస్తుంది. చదువరికి మాత్రం చివర్లో ఒక చిన్న జమ ఉంటుంది: నెలకు కిలోన్నర పాత పేపర్లు.

ఉత్తరాల నుంచి ఒక సెంటు పత్రిక దాకా

మొదట్లో చదువరే మొత్తం ఖర్చు పెట్టుకునేవాడు. ఐరోపాలో వర్తకులు, ప్రభువులు తమకు వార్తలు రాసి పంపడానికి చేతిరాత లేఖకులకు డబ్బిచ్చేవారు. స్ట్రాస్‌బర్గ్‌లో అలాంటి లేఖలు రాసి అమ్మే యోహాన్ కారొలస్ 1605లో వాటిని అచ్చు వేయడం మొదలుపెట్టాడు. చరిత్రకారులు ఎక్కువమంది తొలి వార్తాపత్రికగా లెక్కించేది అతని ‘రెలేషన్’నే. 1814లో లండన్ ‘టైమ్స్’ ఆవిరి యంత్రంపై అచ్చు కావడంతో గంటకు వేయి ప్రతులకు పైగా తీయడం సాధ్యమైంది. 1833లో న్యూయార్క్‌లో ‘సన్’ పత్రికను ఒక్క సెంటుకే అమ్మారు. ఆ ధరతో ఖర్చు వెళ్లదు. ఎక్కువమంది చదువుతున్నారని చూపించి, ఆ చదువరుల చూపును ప్రకటనదారుకు అమ్మడమే అందులోని కిటుకు. నేటి దినపత్రిక అర్థశాస్త్రం అక్కడ పుట్టింది.

మన దేశంలో 1780 జనవరి 29న కలకత్తాలో జేమ్స్ అగస్టస్ హికీ ప్రారంభించిన ‘బెంగాల్ గెజిట్’లో ప్రకటనలకు లోటు లేదు. గవర్నర్ జనరల్ వారన్ హేస్టింగ్స్ పైనా అతని పరివారం పైనా రాతలు శ్రుతి మించడంతో కంపెనీ ప్రభుత్వం మొదట ఆ పత్రికను తపాలాలో పంపే వీలు లేకుండా చేసింది. తరవాత సంపాదకుడిని జైలుకు పంపింది. 1782లో అచ్చు సామగ్రిని జప్తు చేసింది. రాతను నిషేధించే ముందు రవాణాను అడ్డుకోవడం అన్న ఈ పద్ధతి తరవాత చాలాసార్లు తిరిగి కనిపిస్తుంది.

అమృతాంజనం డబ్బాలు నిలబెట్టిన ఆంధ్రపత్రిక

తెలుగులో తొలి పత్రిక ఏదన్న విషయంలో పరిశోధకుల మధ్య భేదాభిప్రాయాలున్నాయి. మద్రాసు నుంచి 1838లో మండిగల వెంకటరామశాస్త్రి నడిపిన ‘వృత్తాంతిని’, 1842లో సయ్యద్ రహమతుల్లా ప్రారంభించిన వారపత్రిక ‘వర్తమాన తరంగిణి’ తొలి వరుసలో నిలుస్తాయి. తెలుగు వార్తాపత్రికకు పునాది వేసినవారిలో ఒక ముస్లిం పెద్దమనిషి ఉన్నారన్న సంగతి మరింత విస్తృతంగా తెలియవలసి ఉంది. 1874లో కందుకూరి వీరేశలింగం ప్రారంభించిన ‘వివేకవర్ధని’ సంస్కరణ కోసం నడిచిన పత్రిక. ఇవన్నీ దాత దయతోనో సంపాదకుడి సొంత సొమ్ముతోనో బతికాయి. చదువు వచ్చినవారే కొద్దిమంది అయినప్పుడు చందాలు ఎన్ని వస్తాయి? 1911 జనాభా లెక్కల్లో కూడా దేశంలో అక్షరాస్యత నూటికి ఆరు లోపే.

1902లో కొండా వెంకటప్పయ్య, దాసు నారాయణరావు బందరు నుంచి ‘కృష్ణాపత్రిక’ను పక్షపత్రికగా ప్రారంభించారు. 1907 నుంచి 1945లో కన్నుమూసే వరకు ముట్నూరి కృష్ణారావు దానికి సంపాదకులు. ఒక జిల్లా కేంద్రం నుంచి వెలువడుతూ ఆంధ్రదేశమంతటా చర్చను నడిపించిన పత్రిక అది. దాని బలమంతా సంపాదకీయంలో ఉంది, ఖజానాలో కాదు.

ఖజానా బలం చూపించినవారు కాశీనాథుని నాగేశ్వరరావు. కృష్ణా జిల్లా ఎలకుర్రులో పుట్టి, బొంబాయి చేరి, 1893లో అమృతాంజనం తయారీ మొదలుపెట్టిన ఆయన 1908లో అక్కడి నుంచే ‘ఆంధ్రపత్రిక’ను వారపత్రికగా తెచ్చారు. 1914 ఏప్రిల్ 1 నుంచి మద్రాసులో అది దినపత్రిక అయింది. కొద్ది నెలల్లోనే మొదటి ప్రపంచ యుద్ధం రావడంతో రోజువారీ వార్తకు గిరాకీ పెరిగింది. ఇక్కడ రెండో చెల్లింపుదారు మందుల వ్యాపారం. తలనొప్పి మందు లాభం పత్రిక నష్టాన్ని మోయగలిగింది కాబట్టే సంపాదకులు ప్రభుత్వ దయకు ఎదురు చూడవలసిన అవసరం రాలేదని నా అభిప్రాయం. దీనికి మరో కోణమూ ఉంది: వ్యాపారికి ఆ ఔదార్యం, ఆ దేశభక్తి లేకపోతే ఇదే ఏర్పాటు పత్రికను వ్యాపారానికి బంటుగా మార్చగలదు. నాగేశ్వరరావు విషయంలో అలా జరగకపోవడం ఆయన వ్యక్తిత్వ ఫలితమే తప్ప ఆ ఏర్పాటులోని సుగుణం కాదు.

అదే 1914 ఏప్రిల్‌లో, ఆంధ్రపత్రిక దినపత్రికగా మారిన పది రోజుల లోపే, బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. అయ్యంకి వెంకటరమణయ్య వంటివారు దానికి ఊపిరి పోశారు. 1911లో స్థాపించిన రామమోహన గ్రంథాలయం ఆ సమావేశానికి వేదిక. ఊరూరా పుట్టిన పఠన మందిరాల్లో చదువు వచ్చిన ఒకరు బిగ్గరగా చదివితే మిగిలినవారు వినేవారు. సర్క్యులేషన్ వేలల్లో ఉన్న కాలంలో ఆ పత్రికల ప్రభావం లక్షల మందికి ఎలా పాకిందన్న దానికి సమాధానం ఈ పఠన మందిరాల్లో ఉంది. సర్క్యులేషన్‌కూ రీడర్‌షిప్‌కూ ఉన్న తేడాను మన ప్రాంతం ఆ పేర్లు రాకముందే అనుభవంలో చూసింది.

1908లో బెజవాడ ‘స్వరాజ్య’: రాతకు చట్టం కట్టిన ధర

1867 చట్టం పైకి సాధుస్వభావంతో కనిపిస్తుంది. ప్రతి పత్రికా తన ముద్రాపకుడు, ప్రచురణకర్త పేర్లను అచ్చు వేయాలి. వారు మేజిస్ట్రేటు ఎదుట వాంగ్మూలం ఇవ్వాలి. ఇది అనుమతి కాదు, సమాచారం మాత్రమే. అయితే ఎవరిని పట్టుకోవాలో వెతుక్కునే శ్రమ ప్రభుత్వానికి లేకుండా పోయింది.

దాని ఫలితం బెజవాడ చూసింది. 1908లో గాడిచర్ల హరిసర్వోత్తమరావు ఇక్కడి నుంచి ‘స్వరాజ్య’ వారపత్రికకు సంపాదకత్వం వహించారు. ఆ ఏడాది తిరునల్వేలిలో పోలీసు కాల్పులను ఖండిస్తూ, తెల్లదొరతనాన్ని క్రూర వ్యాఘ్రంతో పోల్చుతూ వెలువడిన వ్యాసంపై రాజద్రోహం కేసు నడిచింది. మొదట పడిన శిక్ష చాలదని ప్రభుత్వం అప్పీలుకు వెళ్లగా అది మూడేళ్ల కఠిన శిక్షగా మారింది. పత్రిక ఆగిపోయింది.

1910 నాటి ప్రెస్ చట్టం ఇంకో మార్గం పట్టింది. కొత్తగా ముద్రణాలయం పెట్టేవారు 500 నుంచి 2,000 రూపాయల వరకు ధరావతు కట్టాలి. అభ్యంతరకరమైన రాత వస్తే ఆ సొమ్ము ప్రభుత్వపరం అవుతుంది. ఆనాటి 2,000 రూపాయలు చిన్న పత్రికకు ప్రాణాంతకం. జైలు సంపాదకుడిని శిక్షిస్తుంది. ధరావతు ముద్రణాలయ యజమానిని భయపెట్టి సంపాదకుడికి అచ్చుయంత్రమే దొరకకుండా చేస్తుంది.

మద్రాసు రైలు నుంచి విజయవాడ అచ్చుయంత్రానికి

స్వాతంత్ర్యం వచ్చేనాటికి ప్రధాన తెలుగు దినపత్రికలు మద్రాసులోనే అచ్చయ్యేవి. రామనాథ్ గోయెంకా 1938 ఆగస్టు 15న ప్రారంభించిన ‘ఆంధ్రప్రభ’ కూడా అక్కడిదే. సాయంత్రమే అచ్చు వేసి రాత్రి రైలుకు ఎక్కించిన డాక్ ఎడిషన్ మరునాడు కోస్తా పట్టణాలకు చేరేది. దూరాన ఉన్న ఊళ్లకు ఇంకా ఆలస్యం. 1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక చదువరి ఒకచోట, పత్రిక ఇంకొక రాష్ట్రంలో ఉండడం గిట్టుబాటు కాలేదు.

విజయవాడకు మూడు అనుకూలతలు కలిసివచ్చాయి. మద్రాసు, హైదరాబాదు, కలకత్తా వైపు వెళ్లే రైలుమార్గాలు ఇక్కడ కలుస్తాయి. కృష్ణా డెల్టా వ్యవసాయం, వ్యాపారం వల్ల చందా కట్టగలవారూ ప్రకటన ఇవ్వగలవారూ ఇక్కడే ఎక్కువ. గ్రంథాలయోద్యమం పెంచిన చదువరులు అప్పటికే ఉన్నారు. 1952 జూన్ 22న కమ్యూనిస్టు పార్టీ పత్రిక ‘విశాలాంధ్ర’ ఇక్కడే పుట్టింది. 1959లో మద్రాసులో సమ్మె తరవాత ‘ఆంధ్రప్రభ’ ఇక్కడికి మారింది. 1960 జూలై 1న కె.ఎల్.ఎన్. ప్రసాద్ స్థాపించిన ‘ఆంధ్రజ్యోతి’ నార్ల వెంకటేశ్వరరావు సంపాదకత్వంలో వెలువడింది. 1981లో సీపీఎం పత్రిక ‘ప్రజాశక్తి’ దినపత్రికగా ఇక్కడి నుంచే మొదలైంది.

పార్టీ పత్రికల లెక్క వేరు. అక్కడ రెండో చెల్లింపుదారు పార్టీ కార్యకర్త. చందాలు చేర్పించేదీ విరాళాలు వసూలు చేసేదీ ఇంటింటికీ పంచేదీ అతడే. పెద్ద ప్రకటనదారుకు తలొగ్గవలసిన పని లేదు. అయితే పార్టీ వాదానికి ఎదురువాదం ఆ పత్రికలో దొరకడం అరుదు. ఆ సంగతి పత్రిక ముఖం మీదే రాసి ఉంటుంది కాబట్టి చదువరి మోసపోడని సమర్థించేవారు అంటారు. ఆ వాదనలో బలముంది.

పేజీకి ఇంత ధర: రెండు తీర్పులు, రెండు దృక్పథాలు

రాజ్యాంగం పత్రికా స్వేచ్ఛ అన్న మాటను విడిగా చెప్పలేదు. 19(1)(ఎ) అధికరణంలోని వాక్ స్వాతంత్ర్యంలోనే అది ఇమిడి ఉంది. బయటి పత్రిక తన సరిహద్దుల్లోకి రాకుండా మద్రాసు రాష్ట్రం విధించిన నిషేధాన్ని 1950లో రొమేశ్ థాపర్ కేసులో కొట్టివేస్తూ, పంపిణీ లేని ప్రచురణకు విలువ లేదన్న సూత్రాన్ని సుప్రీంకోర్టు నిలబెట్టింది. మన కోస్తా జిల్లాలు అప్పుడు ఆ రాష్ట్రంలోనివే.

అసలైన చిక్కు తరవాత వచ్చింది. పెద్ద పత్రికలు ప్రకటనల ఆదాయంతో ఎక్కువ పేజీలను తక్కువ ధరకు ఇచ్చి చిన్న పత్రికలను మింగేస్తున్నాయన్న ఆందోళనతో కేంద్రం 1956లో ధర, పేజీల చట్టం తెచ్చింది. ఇన్ని పేజీలకు ఇంత ధర అని ప్రభుత్వం నిర్ణయిస్తుంది. పేజీలు పెంచితే ధర పెంచాలి. పుణెకు చెందిన మరాఠీ పత్రిక ‘సకాళ్’ దీన్ని సవాలు చేసింది. ధర పెంచితే చదువరులు తగ్గుతారు, పేజీలు తగ్గిస్తే చెప్పే విషయం తగ్గుతుంది. ఎటు చూసినా వాక్ స్వాతంత్ర్యమే కుంచించుకుపోతుందని సుప్రీంకోర్టు చట్టాన్ని కొట్టివేసింది. 1972లో న్యూస్‌ప్రింట్ కొరత పేరుతో దినపత్రికలను పది పేజీలకు పరిమితం చేసిన విధానాన్ని కూడా ‘టైమ్స్ ఆఫ్ ఇండియా’ ప్రచురణ సంస్థ బెనెట్ కోల్‌మన్ వేసిన కేసులో నలుగురు న్యాయమూర్తులు తోసిపుచ్చారు.

అయితే ఆ కేసులో జస్టిస్ మాథ్యూ విడిగా రాసిన తీర్పును మెజారిటీ తీర్పుతో సమానమైన శ్రద్ధతో చదవాలి. కొరతగా ఉన్న కాగితాన్ని పంచడం రాతను అణచడం కాదని, మాట్లాడేవారి హక్కుతో పాటు భిన్న గొంతులు వినే హక్కు ప్రజలకూ ఉంటుందని ఆయన దృష్టి. మెజారిటీ తీర్పు ప్రభుత్వం చేతిలోని అధికారాన్ని చూసి భయపడింది. ఆయన మార్కెట్ చేతిలోని అధికారాన్ని కూడా చూశారు. మూడేళ్లు తిరగకుండానే ఎమర్జెన్సీలో సెన్సార్‌షిప్ రావడంతో మొదటి భయం ఎంత నిజమో తేలిపోయింది. ఆ తరవాతి దశాబ్దాల్లో మూతపడిన పత్రికల జాబితా చూస్తే రెండోదీ ఉత్త భయం కాదు: 1991లో ‘ఆంధ్రపత్రిక’, 1995లో ‘ఉదయం’. 2000లో ఆగిన ‘ఆంధ్రజ్యోతి’ 2002లో కొత్త యాజమాన్యంలో తిరిగి వచ్చింది. ప్రతి మూతకూ దాని కారణాలు దానికున్నా, పేజీలు ఎక్కువ ఇవ్వగలిగినవారితో పోటీ పడలేకపోవడం అన్నింటిలోనూ ఉందనిపిస్తుంది.

జిల్లా పేజీలు: స్థానిక ప్రకటన వెంట వచ్చిన స్థానిక వార్త

1974 ఆగస్టు 10న రామోజీరావు విశాఖపట్నం నుంచి ‘ఈనాడు’ను ప్రారంభించారు. రాజధానిలో ఒకచోట అచ్చు వేసి రైళ్లకు ఎక్కించే పద్ధతి బదులు చదువరి ఉన్న ప్రాంతంలోనే అచ్చు వేసి తెల్లవారేలోగా ఇంటికి చేర్చడం దాని విధానం. 1975లో హైదరాబాదు, 1978లో విజయవాడ ఎడిషన్లు వచ్చాయి. 1989లో ప్రతి జిల్లాకూ విడిగా చిన్న సైజు అనుబంధం మొదలైంది. తరవాత వచ్చిన పత్రికలన్నీ ఆ బాట పట్టాయి. 2008 మార్చి 24న వై.ఎస్. జగన్మోహన్ రెడ్డి స్థాపించిన ‘సాక్షి’ ఒకేరోజు 23 ఎడిషన్లతో వెలువడింది.

ఇందులో అర్థశాస్త్రం స్పష్టం. గుంటూరు బ్రాడీపేటలోని బట్టల దుకాణానికి శ్రీకాకుళం చదువరితో పనిలేదు. రాష్ట్రమంతటికీ ప్రకటన ఇచ్చే స్తోమతా లేదు. గుంటూరు జిల్లా పేజీలో మాత్రమే అయితే ఇవ్వగలదు. చిన్న దుకాణాలు, కోచింగ్ కేంద్రాలు, ఆసుపత్రులు, శుభాకాంక్షలు, శ్రద్ధాంజలులు కలిసి కొత్త రెండో చెల్లింపుదారు అయ్యాయి. ఆ ప్రకటనల పక్కన నింపడానికి మండల స్థాయి వార్త కావలసి వచ్చింది. అందుకోసం మండలానికొక కంట్రిబ్యూటర్, అంటే స్థానిక విలేకరి, వచ్చారు. చాలామందికి జీతం కాకుండా అచ్చయిన వరుసలను బట్టి ‘లైన్ అకౌంట్’ చెల్లించేవారు.

తెల్లవారుజామున ఏ ఏజెంటు చోటికి వెళ్లినా ఈ ఏర్పాటును కళ్లారా చూడవచ్చు. ప్రధాన పత్రిక కట్ట ఒకటి, జిల్లా అనుబంధం కట్ట ఒకటి విడివిడిగా దిగుతాయి. కుర్రాళ్లు పేవ్‌మెంట్ మీద బాసింపట్టు వేసుకుని అనుబంధాన్ని ప్రధాన పత్రికలోకి దూర్చి, దాని మీద రంగురంగుల కరపత్రాలు పెట్టి, వీధుల వారీగా సైకిళ్లకు సర్దుతారు. ఆ కరపత్రాలు వేసినందుకు వచ్చే డబ్బు ఏజెంటుది. కమిషన్‌తో మాత్రమే ఈ పని గిట్టడం కష్టమని అతడి లెక్క అతడికుంది.

జిల్లా పేజీల వల్ల కలిగిన మేలును తక్కువ చేయలేం. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మహిళలు సారాకు వ్యతిరేకంగా లేచినప్పుడు ఆ వార్త ఊరి పొలిమేర దాటి వ్యాపించడంలో పత్రికల పాత్ర పెద్దది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. బోరు చెడిపోయిన ఊరు, టీచరు రాని బడి తొలిసారిగా అచ్చులోకి ఎక్కాయి. విమర్శ కూడా అంతే గట్టిది. గుంటూరు రైతు సమస్య గుంటూరు పేజీలోనే ఆగిపోతుంది. కృష్ణా జిల్లాలో అదే సమస్య ఉన్న రైతుకు ఆ సంగతి తెలియదు. వరుసల లెక్కన డబ్బు ఇచ్చేచోట బతుకుదెరువు కోసం కంట్రిబ్యూటరే ప్రకటనలు కూడా సేకరించవలసి వస్తే, ప్రకటన ఇచ్చిన స్థానిక నాయకుడిపై అతడు ఎంత స్వేచ్ఛగా రాయగలడు?

ఆ ప్రశ్న 2009 ఎన్నికల తరవాత దేశవ్యాప్త చర్చ అయింది. డబ్బు పుచ్చుకుని ప్రకటనను వార్తగా వేయడాన్ని ‘చెల్లింపు వార్త’ అంటున్నాం. దీనిపై పత్రికల ప్రమాణాలు చూసే ప్రెస్ కౌన్సిల్ నియమించిన ఇద్దరు సభ్యుల ఉపసంఘంలో తెలుగు పాత్రికేయుడు కె. శ్రీనివాస్ రెడ్డి ఒకరు. 2010లో కౌన్సిల్ కుదించిన నివేదికనే బయటపెట్టింది. పేర్లతో కూడిన పూర్తి నివేదిక కేంద్ర సమాచార కమిషన్ ఆదేశం తరవాత 2011లో గానీ వెలుగు చూడలేదు. ప్రకటన అని ప్రకటించి వేసినప్పుడు చదువరికి ఎవరు డబ్బిచ్చారో తెలుస్తుంది. చెల్లింపు వార్తలో అదే దాచిపెడతారు. దోషమంతా ఆ దాచడంలో ఉంది.

కొత్త చట్టంలో మారింది ఏమిటి, మారనిది ఏమిటి

2023 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన పత్రికల, నియతకాలికల నమోదు చట్టం ప్రకారం జిల్లా మేజిస్ట్రేటు ఎదుట వాంగ్మూలం ఇచ్చే పాత పద్ధతి పోయింది. పేరు కేటాయింపు, నమోదు రెండూ ఒకేసారి ఆన్‌లైన్‌లో ప్రెస్ రిజిస్ట్రార్ జనరల్ వద్ద జరుగుతాయి. పాత చట్టంలో చిన్న లోపాలకు కూడా జైలు ఉండేది. ఇప్పుడు చాలావరకు జరిమానాలే. నమోదు లేకుండా పత్రిక నడుపుతూ, ఆపమని ఆదేశించాక ఆరు నెలలైనా ఆపకపోతే మాత్రం జైలు శిక్షకు అవకాశముంది. నమోదు నిరాకరణపై ప్రెస్ కౌన్సిల్ అధ్యక్షుడి నేతృత్వంలోని అప్పీలు మండలికి వెళ్లవచ్చు.

ఇది చిన్న పత్రికకు ఊరట అని ప్రభుత్వం అంటోంది. పేరు కోసం, వాంగ్మూలం కోసం నెలల తరబడి కార్యాలయాల చుట్టూ తిరిగినవారు ఆ మాటతో ఏకీభవిస్తారు. సంపాదకుల సంఘమైన ఎడిటర్స్ గిల్డ్ వంటి సంస్థలు మాత్రం రెండు అంశాలపై ఆందోళన తెలిపాయి. ఉగ్రవాద, చట్టవిరుద్ధ కార్యకలాపాల కేసుల్లో శిక్ష పడినవారితో పాటు దేశ భద్రతకు వ్యతిరేకంగా వ్యవహరించినవారికీ నమోదు నిరాకరించవచ్చు. ఆ రెండో షరతు పరిధి ఎంత దూరం పోతుందో చెప్పడం కష్టం. లెక్కల తనిఖీ కోసం అధికారులు పత్రిక కార్యాలయంలో ప్రవేశించే అధికారం మరొకటి. సర్క్యులేషన్ అంకె మీద ప్రభుత్వ ప్రకటనల సొమ్ము ఆధారపడి ఉన్నప్పుడు తనిఖీ అవసరమే. అయితే తనిఖీ చేసేదీ ప్రకటన ఇచ్చేదీ ప్రభుత్వమే కావడం వల్ల ఆ రెండు చేతుల మధ్య ఎడం ఉండాలన్న వాదన సమంజసంగా తోస్తుంది.

వెబ్‌సైట్ల ద్వారా మాత్రమే వచ్చే వార్తలు ఈ చట్టం పరిధిలో లేవు. వాటికి 2021 నాటి ఐటీ నియమాలు వర్తిస్తాయి. వాటిలోని నైతిక నియమావళికి సంబంధించిన కొన్ని భాగాల అమలును బొంబాయి హైకోర్టు అదే ఏడాది నిలిపివేసింది. జమాఖర్చుల వైపు చూస్తే ఆన్‌లైన్ వార్తకు 52 గ్రాముల కాగితం, పార్శిల్ బండి, ఏజెంటు కమిషన్ ఏవీ అక్కరలేదు. మన ఉదాహరణలో అవన్నీ పోగా మిగిలేది విలేకరి, డెస్కు ఖర్చు. ఆ నాలుగు రూపాయలు మిగతా ఖర్చులతో పాటు తగ్గవు. బ్రాడీపేట దుకాణదారు ప్రకటన మాత్రం ఇప్పుడు జిల్లా పేజీకి బదులు గూగుల్‌కో ఫేస్‌బుక్‌కో వెళుతోంది. ఆ సంస్థలు మండల పరిషత్ సమావేశానికి విలేకరిని పంపవు. కొన్ని పత్రికలు ఆన్‌లైన్ చందాలు మొదలుపెట్టి తిరిగి చదువరినే ఖర్చు మోయమంటున్నాయి. ఆంగ్లంలో ఆ పద్ధతి కొంత నిలదొక్కుకుంది. శతాబ్దానికి పైగా సగం ధరకు పత్రిక చదవడానికి అలవాటు పడిన తెలుగు చదువరి, జిల్లా వార్త కోసం పూర్తి ధర చెల్లించేంత సంఖ్యలో ముందుకు వస్తారా అన్నది ఇక్కడి సంపాదకులూ ఏజెంట్లూ నెలవారీ బిల్లుల్లో ఇప్పుడు చూస్తున్న లెక్క.